మూతపడే విద్య: బోరింగులో, గుండెలో, హార్మోనియంలో కవాటాలు

మునుగోడు, మర్రిగూడ వైపు ఊళ్లలో బడి పక్కనో గుడి ముందో ఇంకా మిగిలి ఉన్న పాత బోరింగును ఎండాకాలం మధ్యాహ్నం కొట్టి చూస్తే, కొన్నిచోట్ల మొదటి పది పన్నెండు దెబ్బలకు గాలి తప్ప ఏమీ రాదు. ఆ తరువాత గొంతు సవరించుకున్నట్టు గురగురమని, ధార పడుతుంది. అరగంట వదిలేసి మళ్లీ కొడితే మళ్లీ అదే తంతు. భూమిలో నీళ్లు అడుగంటాయని చూసేవాళ్లు అనుకుంటారు గానీ, నిజంగా అడుగంటితే ఎంత కొట్టినా ధార నిలవదు. కొట్టినప్పుడు వచ్చి, వదిలేయగానే వెనక్కి జారిపోతున్నాయంటే, గొట్టం అడుగున నీళ్లలో మునిగి ఉన్న, అరచేతిలో పట్టేంత కవాటం గట్టిగా మూసుకోవడం లేదని అర్థం.

1970వ దశకం చివరలో యూనిసెఫ్ తోడ్పాటుతో రూపొంది దేశమంతా పాకిన ఇండియా మార్క్ 2 చేతిపంపులో ఇలాంటి కవాటాలు రెండు ఉంటాయి. ఒకటి సిలిండరు అడుగున కదలకుండా ఉంటుంది. రెండవది కడ్డీ చివర పిస్టనుతో పాటు పైకీ కిందికీ తిరుగుతుంది. పిడిని కిందికి నొక్కినప్పుడు లోపల పిస్టను పైకి లేస్తుంది. అప్పుడు దాని కవాటం మూసుకుని పైనున్న నీటినంతా మోస్తుంది, అడుగు కవాటం తెరుచుకుని కొత్త నీటిని లోపలికి రానిస్తుంది. పిడి పైకి వెళ్లినప్పుడు పిస్టను దిగుతుంది. ఈసారి అడుగు కవాటం మూసుకుంటుంది, పిస్టను కవాటం తెరుచుకుని నీళ్లు తనలోంచి పైకి పోనిస్తుంది. ఈ రెండింటినీ తెరవమని గానీ మూయమని గానీ చెప్పేవారెవరూ లేరు. తోసుకొచ్చిన నీరే తెరుస్తుంది, వెనుదిరిగిన నీరే మూస్తుంది. నల్లగొండ పల్లెల్లో మనుషుల ఎముకలు వంచిన ఫ్లోరైడు కూడా ఏళ్ల తరబడి ఈ కవాటాల గుండానే పైకి వచ్చింది. కవాటానికి తెలిసింది దిక్కు మాత్రమే, ఆ దిక్కున వచ్చేదాని మంచిచెడ్డలు దాని లెక్కలోకి రావు.

కవాటమంటే సంస్కృతంలో తలుపు రెక్క. యాదగిరిగుట్టలో రాత్రి పూజల తరువాత జరిగే కవాట బంధనంలో ఉన్నది ఆ అర్థమే. వాల్వ్ అన్న మాటకు మూలమైన లాటిన్ పదం ‘వాల్వా’కూ అదే అర్థం, తలుపు రెక్క అని. ఎక్కడి భాషో ఎక్కడి భాషో ఒకే వస్తువును చూసి పేరు పెట్టుకోవడం ముచ్చటగానే ఉంటుంది గానీ, ఆ పోలికలో చిన్న మోసం ఉంది. తలుపు అనగానే తెరుచుకోవడం ముందు గుర్తుకు వస్తుంది. తెరిచి ఉండటానికి కవాటమే అక్కరలేదు, ఉత్త రంధ్రం చాలు. కవాటపు పనితనమంతా మూతపడటంలోనే ఉంది: సరైన క్షణానికి మూసుకుందా, చుక్క కూడా జారకుండా మూసుకుందా, మూసుకునేటప్పుడు తన చుట్టూ ఉన్నవాటిని దెబ్బతీయకుండా మూసుకుందా అన్నవే దానికి పెట్టే పరీక్షలు.

బావి మోటరు పైపు చివర ఉండే ఫుట్ వాల్వు సంగతి చూస్తే ఇది బాగా తెలుస్తుంది. ఈ మాట కొందరు రైతుల నోట ‘ఫుట్‌బాల్’ అయింది. గట్టున పెట్టిన మోటరు నీటిని నేరుగా లాగలేదు. పైపులో ఒత్తిడిని తగ్గిస్తే, బావి మీద ఒత్తుతున్న వాతావరణ పీడనమే నీటిని పైకి నెడుతుంది. ఆ నెట్టుడుకు లెక్కప్రకారం హద్దు 10.3 మీటర్లు, వాడుకలో ఆరేడు మీటర్లకు మించి నమ్మడానికి లేదు. పైపులో ఉత్త గాలే ఉంటే మోటరు ఆ ఒత్తిడిని తగ్గించలేదు. అందుకే మోటరు తిరగకముందే పైపు నిండా నీళ్లుండాలి, వాటిని ఫుట్ వాల్వు నిలిపి ఉంచాలి. రెక్క కింద వేపపుల్ల ముక్కో, నాచు పోగో ఇరుక్కుంటే రాత్రికి రాత్రి పైపు ఖాళీ అవుతుంది, పొద్దున్నే కరెంటు వచ్చే వేళకు బిందెలతో నీళ్లు పోయవలసి వస్తుంది. పాతకాలపు రైతులు అలాంటప్పుడు నీళ్లతో పాటు పేడ కలిపి పోసేవారు. జారుతున్న నీరు పేడలోని నారను ఆ సందు దగ్గరికే మోసుకుపోతుంది, నార అక్కడే చిక్కుకుని సందును పూడుస్తుంది. లీకేజీ చేతనే లీకేజీని మూయించే ఈ ఉపాయం తాత్కాలికమే అయినా, వెనకున్న తర్కం మాత్రం గట్టిది.

ఫుట్ వాల్వుకు రెండవ రకం జబ్బు కూడా ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. చవకగా దొరికిందని ఇరుకు దారులున్న వాల్వు బిగిస్తే నీళ్లు వస్తాయి, వెనక్కి జారవు. రైతుకు లోపం కనిపించదు. అయితే ప్రతి లీటరూ ఆ ఇరుకులోంచి దూరడానికి మోటరు అదనంగా శ్రమపడుతుంది, ఎకరం తడవడానికి ఎక్కువ సేపు పడుతుంది. వ్యవసాయ పంపుల ఫుట్ వాల్వులకు ఐఎస్ 10805 అనే భారతీయ ప్రమాణం ఉన్నది ఇందుకే. మూసుకోకపోవడం, తగినంత తెరుచుకోకపోవడం: ప్రపంచంలో ఏ కవాటానికైనా వచ్చే జబ్బులు ప్రధానంగా ఈ రెండే. గుండె దగ్గరికి వెళ్లినా ఈ రెండే ఎదురవుతాయి.

మూడవదొకటి ఉన్నా అది కవాటం వల్ల పైపుకు వచ్చే జబ్బు. బోరు మోటరు నడుస్తుండగా కరెంటు పోతే గట్టు మీద ‘దబ్’మని చప్పుడవుతుంది. పైకి పోతున్న నీరు ఆగి, వెనక్కి మళ్లి, నాన్ రిటర్న్ వాల్వు రెక్కను కొట్టిన చప్పుడది. ఉక్కు పైపులో సెకనుకు 1 మీటరు వేగంతో పోతున్న నీటిని ఒక్క క్షణంలో ఆపేస్తే పుట్టే పీడనం దాదాపు 100 మీటర్ల ఎత్తు నీటి స్తంభం బరువుకు సమానం. పొలం పైపులో అది ఉలిక్కిపడేలా చేసే చప్పుడు. కృష్ణ నుంచి నీటిని గుట్టల మీదికి ఎక్కించే పాలమూరు ఎత్తిపోతల పైపుల్లో అదే పైపును చీల్చగల దెబ్బ. ఎత్తిపోతల పంపుల కవాటాలను ముందు చాలా మేర వేగంగా, చివరి కొంచెం నెమ్మదిగా మూసుకునేలా తయారు చేయడం ఈ భయం వల్లనే. పెద్ద పైపులైన్ల మీద మిట్ట ప్రదేశాల్లో కనిపించే ఎయిర్ వాల్వులది మరో బాధ్యత. పైపు నిండేటప్పుడు గాలిని బయటికి పంపి, ఖాళీ అయ్యేటప్పుడు లోపలికి తీసుకుని పైపు చప్పిడి పడకుండా కాపాడతాయి. వాటి నుంచి చిమ్మే నీటితో గొర్ల కాపరులు మందను తడుపుకోవడం రోడ్డు వెంట పోయేవారందరూ చూసే దృశ్యమే.

మనిషి చేత్తో తెరిచి మూసే కవాటం ఈ నేలకు మోటర్ల కన్నా ఎంతో పాతది. కందూరు చోడుల కాలంలో, 12వ శతాబ్దంలో, పానగల్లు దగ్గర తవ్వించిన ఉదయసముద్రం లాంటి చెరువులన్నిటికీ కట్ట ఎంత ముఖ్యమో తూము అంతే ముఖ్యం. రాతి స్తంభాల నడుమ నిలువుగా దిగిన కర్ర, దాని చివర కిందికి సన్నబడే మూత, ఆ మూత కూర్చునే రాతి రంధ్రం: సంప్రదాయ తూము నిర్మాణం ఇంతే. చెరువు నిండేకొద్దీ పైనున్న నీటి బరువు మూతను ఇంకా బిగిస్తుంది, కాబట్టి నీరెక్కువైతే తూము తనంతట తాను లేవదు. లేపవలసింది నీరటి. ఎవరి మడికి ఎప్పుడు, ఎంత అన్న నిర్ణయం అతని చేతి మీదుగా నడిచేది. బోరింగులోని కవాటానికీ తూముకూ ఉన్న అసలు తేడా ఇక్కడుంది: మొదటిది ప్రవాహం ఆడించే కవాటం, రెండవది ఆజ్ఞకు కట్టుబడే కవాటం. మిగిలిన కవాటాల్లో చాలావరకు ఈ రెండు కులాల్లో ఏదో ఒకదానికి చెందినవే.

తూమును వెయ్యింతలు పెంచితే డ్యాము గేటు అవుతుందని అనుకోవడం తేలిక. ఆచరణలో నీటి బరువు ఆ పెంపును సాగనివ్వదు. నాగార్జునసాగర్ స్పిల్‌వే మీద ఉన్న 26 గేట్లు చాపం ఆకారంలో ఉండటానికి కారణం అదే. వంపు గేటు మీద పడిన నీటి ఒత్తిడి అంతా రెండు చేతుల మీదుగా ఇరుసు వైపే పోతుంది, కాబట్టి లేపే యంత్రం నీటితో పోరాడనక్కరలేదు. గేటు బరువునూ రాపిడినీ మోస్తే చాలు. తుంగభద్ర డ్యాము గేట్లు నిలువుగా లేచే రకం. 2024 ఆగస్టు 10 రాత్రి అక్కడ 33 గేట్లలో 19వ నంబరు గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. రాజోలిబండ మళ్లింపు కాలువ కింద పంట పెట్టుకున్న అలంపూర్ వైపు రైతులు, ఆ నీళ్లు కళ్లముందే కిందికి పోతుంటే రోజుల తరబడి ఎదురుచూశారు. పారుతున్న నీటిలోనే అడ్డు పలకలు దింపి దారి మూయడానికి దాదాపు వారం పట్టింది. గేటు పోయిందంటే డ్యాము పోయినట్టు కాదు గానీ, ఆ మేరకు డ్యాము ఉన్నట్టూ కాదు.

ఇక ఛాతీలోకి వస్తే, గుండెలోని నాలుగు కవాటాలూ బోరింగు కులానికే చెందినవి. పై గదులైన కర్ణికలకూ కింది గదులైన జఠరికలకూ నడుమ రెండు: కుడివైపు త్రిపత్ర కవాటం, ఎడమవైపు ద్విపత్ర కవాటం. జఠరికల నుంచి రక్తం బయలుదేరే చోట మరో రెండు, అర్ధచంద్రాకారపు రెక్కలతో. ఎడమ జఠరిక ముడుచుకున్నప్పుడు ద్విపత్ర కవాటం మూసుకుని బృహద్ధమని కవాటం తెరుచుకుంటుంది. సడలినప్పుడు మొదటిది తెరుచుకుని రెండవది మూసుకుంటుంది. పిస్టను పైకీ కిందికీ పోవడం బదులు గది గోడే ముడుచుకుని సడలుతుందన్న మాటే గానీ, ఒకటి తెరుచుకుంటే మరొకటి మూసుకునే వరస అచ్చం అదే. నిమిషానికి 70 సార్లు కొట్టుకునే గుండెలో ప్రతి కవాటమూ రోజుకు లక్ష సార్లు మూసుకుంటుంది. డాక్టరు స్టెతస్కోపులో వినే ‘లబ్ డబ్’ ఆ మూతపడే చప్పుళ్లే. ఆరోగ్యంగా ఉన్న గుండెలో కవాటాలు తెరుచుకునేటప్పుడు చప్పుడే ఉండదు.

బోరింగులో లేని ఒక ఏర్పాటు మాత్రం గుండెలో ఉంది. ద్విపత్ర కవాటపు రెక్కలు సన్నని పొరలు. జఠరిక ముడుచుకున్నప్పుడు 120 మిల్లీమీటర్ల పాదరసానికి సమానమైన ఒత్తిడి వాటి మీద పడుతుంది. గాలివానకు గొడుగు తిరగబడినట్టు అవి కర్ణికలోకి తిరగబడకుండా, రెక్కల అంచుల నుంచి జఠరిక గోడలోని చిన్న కండరాల దాకా తెల్లని దారాలు కట్టి ఉంటాయి. వీటిని స్నాయు రజ్జువులంటారు. ఈ దారాలు రెక్కలను తెరవవు, మూయవు. మూసుకున్న రెక్క హద్దు దాటకుండా పట్టుకోవడమే వాటి పని. ఒక్క ముఖ్యమైన దారం తెగినా రెక్క అటు వాలి, రక్తం ఊపిరితిత్తుల వైపు వెనక్కి ఎగదన్నుతుంది.

పేద ఇళ్ల పిల్లల గుండె కవాటాలను ఎక్కువగా పాడుచేసేది రుమాటిక్ జ్వరం. స్ట్రెప్టోకాకస్ బ్యాక్టీరియా వల్ల వచ్చిన గొంతునొప్పికి సరైన మందు పడకపోతే, దానితో పోరాడటానికి శరీరం తయారుచేసిన రక్షణ బలగం కీళ్ల మీదికీ గుండె కవాటాల మీదికీ తిరుగుతుంది. కీళ్ల వాపు తగ్గిపోతుంది. కవాటం మీద పడిన మచ్చ తగ్గదు. ఏళ్ల తరువాత రెక్కల అంచులు అతుక్కుని, 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్లు ఉండవలసిన ద్విపత్ర కవాటపు దారి 1.5 కన్నా తక్కువకు కుంచించుకుపోతుంది. ఇరుకు ఫుట్ వాల్వు బిగించిన మోటరు పరిస్థితే ఇది. నాట్లు వేస్తూ ఆయాసపడే ఇరవై ఏళ్ల అమ్మాయిని చూసి రక్తం తక్కువని ఇంట్లోవాళ్లు సరిపెట్టుకోవడం, గర్భం దాల్చి రక్త ప్రవాహం పెరిగినప్పుడు గానీ అసలు సంగతి బయటపడకపోవడం మామూలే. జబ్బు మళ్లీ తిరగబెట్టకుండా మూడు నాలుగు వారాలకోసారి వేసే పెన్సిలిన్ సూది ఖరీదు, కవాటం మార్పిడి ఖర్చు ముందు లెక్కలోకే రాదు.

మార్చవలసి వస్తే రెండు దారులున్నాయి, రెండింటికీ వెల ఉంది. పంది గుండె కవాటంతో గానీ, పశువుల గుండె పైపొరతో గానీ చేసినవి మెత్తగా మూసుకుంటాయి, కానీ సాధారణంగా పది పదిహేనేళ్లకు అరిగిపోతాయి. లోహంతో చేసినవి జీవితకాలం పనిచేస్తాయి, కానీ వాటి మీద రక్తం గడ్డకట్టకుండా రోజూ మాత్ర వేసుకోవాలి, రక్తం పలచదనాన్ని తరచూ పరీక్షించుకోవాలి. తిరువనంతపురంలోని శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థ తయారుచేసిన వాలుబిళ్ల కవాటాన్ని 1990 డిసెంబరులో తొలిసారి మనిషికి అమర్చారు; దిగుమతి కవాటం కొనలేని ఎందరికో అది అందుబాటులోకి వచ్చింది. ఈ మాత్రలు వేసుకునేవారికి డాక్టర్లు చెప్పే జాగ్రత్త ఒకటి పాలమూరు వంటింటికి నేరుగా తగులుతుంది. పుంటికూర, తోటకూర లాంటి ఆకుకూరల్లోని విటమిన్ కె ఆ మందు ప్రభావాన్ని తగ్గిస్తుంది. కూర పూర్తిగా మానేయాలని దాని అర్థం కాదు. ఒక వారం అసలే తినక, మరో వారం మూడు పూటలా తినడం పనికిరాదు. రాత్రి ఇల్లు సద్దుమణిగాక లోహపు కవాటం ‘టిక్ టిక్’మనడం రోగికి, ఒక్కోసారి పక్కన పడుకున్నవారికి కూడా వినిపిస్తుంది.

సిరల్లోని కవాటాలను చూడటానికి ఏ ఆసుపత్రీ అక్కరలేదు. కష్టం చేసి నరాలు తేలిన ముంజేతికి పైభాగాన గుడ్డ బిగించి కడితే, సిర వెంట అక్కడక్కడ చిన్న ముడుల్లాంటివి ఉబ్బుతాయి. మణికట్టు వైపున్న ముడి మీద ఒక వేలు నొక్కి ఉంచి, రెండో వేలితో రక్తాన్ని మోచేతి వైపు తదుపరి ముడి దాటేదాకా తోస్తే, ఆ రెండు ముడుల నడుమ సిర చప్పబడి ఖాళీగానే ఉంటుంది. పైనున్న రక్తాన్ని ఎంత కిందికి తోసినా ఆ ముడిని దాటదు. కింది వేలు తీయగానే మణికట్టు వైపు నుంచి నిండుతుంది. ఈ పరీక్షను 1628లో విలియం హార్వీ తన పుస్తకంలో బొమ్మలతో సహా చూపాడు. అంతకుముందు 1603లో పాడువాలో ఆయన గురువు ఫాబ్రిసియస్ ఈ కవాటాలను వర్ణించాడు గానీ, రక్తం కాళ్లూ చేతుల్లోకి ఒక్కసారిగా దిగిపోకుండా ఆపేవని అనుకున్నాడు. అవన్నీ గుండె వైపే తెరుచుకుంటున్నాయని గమనించి, రక్తం తిరిగివస్తోందని తేల్చింది శిష్యుడు. ఒక కవాటం ఎటు మూసుకుంటుందో చూసి శరీరమంతటి ప్రవాహ పటాన్ని గీయగలిగాడన్న మాట. గంటల తరబడి నిలబడి పనిచేసేవారి పిక్కల్లో ఈ కవాటాలు వదులైతే రక్తం కిందికి జారి, సిరలు మెలికలు తిరిగి ఉబ్బుతాయి.

ఇంజన్లలో కవాటాలు తూము కులానికి చెందినవి. తిరిగే ఇరుసు మీది కామ్ అనే ఉబ్బు ఎప్పుడు నెడితే అప్పుడే తెరుచుకుంటాయి, స్ప్రింగు బలంతో మూసుకుంటాయి. కరెంటు రాకముందు బావుల దగ్గర టకటకలాడిన 5 హార్స్‌పవర్ ఆయిల్ ఇంజను నిమిషానికి 1500 చుట్లు తిరిగితే, ఒక్కో వాల్వు 750 సార్లు తెరుచుకుని మూసుకునేది. దాన్ని హ్యాండిలుతో తిప్పి స్టార్టు చేసేవారు ముందు ఒక చిన్న లివరు ఎత్తి పెట్టేవారు. అది వాల్వును బలవంతంగా తెరిచి ఉంచుతుంది. లోపల గాలి నొక్కుకోదు కాబట్టి చక్రం తేలిగ్గా తిరుగుతుంది, వేగం అందుకున్నాక లివరు వదలగానే వాల్వు మూసుకుని ఇంజను అందుకుంటుంది. ట్రాక్టరు మెకానిక్కు రేకు ముక్కలతో ట్యాపెట్ సందు కొలిచేది కూడా మూతపడటం కోసమే. వేడికి వాల్వు కాడ సాగుతుంది. చల్లగా ఉన్నప్పుడు కాస్త సందు వదలకపోతే, వేడెక్కాక అది పూర్తిగా మూసుకోలేక మంట వాత పడి అంచు కాలిపోతుంది.

వాద్యాల్లో జాతర కొమ్ముకు కవాటం లేదు. దాని పొడవు మారదు, కాబట్టి ఎంత ఊదినా ఆ పొడవుకు సహజంగా పలికే కొన్ని స్వరాలే వస్తాయి. పెళ్లి బ్యాండులోని ట్రంపెట్‌కు మూడు మీటలుంటాయి. జర్మనీలో హైన్రిష్ ష్టోల్జెల్, ఫ్రీడ్రిష్ బ్లూమెల్ కలిసి 1818లో ఈ కవాటానికి పేటెంటు పొందారు. ఇప్పుడు వాడే పిస్టను రూపాన్ని 1839లో పారిస్‌లో పెరినే తీర్చాడు. ఇవి గాలిని ఆపవు, దారి మళ్లిస్తాయి. దాదాపు 1.48 మీటర్ల గొట్టంలో నడిమి మీట నొక్కితే 9 సెంటీమీటర్ల అదనపు గొట్టం కలిసి స్వరం అరమెట్టు దిగుతుంది, మొదటిది నొక్కితే ఒక మెట్టు, మూడవది నొక్కితే ఒకటిన్నర. మూడూ కలిపి నొక్కితే మూడు మెట్లు దిగాలి గానీ, మూడు అదనపు గొట్టాల మొత్తం లెక్కప్రకారం 6 సెంటీమీటర్ల పైచిలుకు తక్కువ పడుతుంది, స్వరం కాస్త పైకి పోతుంది. పొడవు పెరిగిన గొట్టానికి అదే అరమెట్టు దింపాలంటే ఎక్కువ ముక్క కావాలి కదా. అందుకే వాయించేవారు మూడవ మీట దగ్గరి జారుడు గొట్టాన్ని వేలితో కొద్దిగా బయటికి లాగుతారు.

రెండు కులాల కవాటాలూ ఒకే పెట్టెలో కలిసి పనిచేసేది హార్మోనియంలో. 1842లో పారిస్‌లో డెబైన్ పేటెంటు తీసుకున్న కాళ్లతో తొక్కే వాద్యం, ఆ శతాబ్దం చివరి దశకాల్లో కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ లాంటి తయారీదారుల చేతుల్లో నేల మీద కూర్చుని ఒక చేత్తో ఊదే పెట్టెగా మారింది. చిందు యక్షగానంలోనూ భజన మండళ్లలోనూ వినిపించేది అదే. వెనక తిత్తిని తెరిచినప్పుడు దాని రంధ్రాల మీది తోలు రెక్కలు లేచి గాలి లోపలికి వస్తుంది. మూసినప్పుడు అవి అంటుకుని, లోపలి తిత్తి వైపున్న రెక్కలు తెరుచుకుంటాయి. లోపలి తిత్తి స్ప్రింగుల ఒత్తిడితో గాలిని నిలకడగా రీడ్ల మీదికి, అంటే స్వరం పలికే సన్నని లోహపు రేకుల మీదికి పంపుతుంది. చేయి వెనక్కి వెళ్తున్న క్షణంలో కూడా స్వరం తెగకపోవడానికి కారణం ఇదే. కమ్మరి కొలిమిలోని ఒంటి తిత్తికి ఈ సౌకర్యం లేదు, అది బుసబుసమని విడతలు విడతలుగానే ఊదుతుంది. గుండె సడలినప్పుడు రక్తం ఆగిపోకుండా, సాగిన బృహద్ధమని గోడ మెల్లగా ముడుచుకుంటూ దాన్ని ముందుకు నెట్టడం, దాని వెనక కవాటం మూసుకుని ఉండటం సరిగ్గా లోపలి తిత్తి చేసే పనే.

వేళ్లతో నొక్కే మెట్ల కింద మాత్రం ఆజ్ఞ నడుస్తుంది. ప్రతి మెట్టుకూ ఒక చెక్కపట్టీ, దాని అడుగున మెత్తని తోలు, వెనక స్ప్రింగు. మెట్టు నొక్కితే పట్టీ లేచి ఆ స్వరపు రీడుకు గాలి దారి ఇస్తుంది, వదిలితే మూస్తుంది. వానాకాలంలో చెక్క ఉబ్బినా, పట్టీ కింద ఇసుక రేణువు చేరినా, ఏ మెట్టూ నొక్కకుండానే ఒక స్వరం సన్నగా పలుకుతూ ఉంటుంది. బాగుచేసేవారు పైచెక్క తీసి, పట్టీని ఎత్తి, తోలును కుంచెతో దులిపి, స్ప్రింగును కొద్దిగా వంచి మళ్లీ బిగిస్తారు. ఆ తరువాత తిత్తి నిండా గాలి కొట్టి, మెట్ల మీది నుంచి చేతులు తీసేసి, చెవి దగ్గరగా పెట్టి కాసేపు వింటారు. ఏమీ వినిపించకపోతే, నిండిన తిత్తి నిండినట్టే ఉంటే, పెట్టె బాగైనట్టు.